21వ రోజు ఎవరిది?

చిట్టితల్లీ,

ఓపీలో చూసిన అమ్మాయి గురించి నువ్వు రాసింది చదివాను. నెలసరి మొదలైన 21వ రోజు ప్రొజెస్టిరాన్ 1 కూడా దాటలేదు కాబట్టి అండం విడుదల కావడం లేదని కేసు షీట్‌లో రాసేశానన్నావు. నాలుగు లైన్ల కింద ఆమెకి 40 రోజులకోసారి నెలసరి వస్తుందని కూడా రాశావు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. అండం విడుదలయ్యాక నెలసరి రావడానికి ఇంచుమించు 14 రోజులు పడుతుంది. ఆ సగం పెద్దగా మారదు, సాగేదీ కుదించుకునేదీ ముందు సగమే. 28 రోజులకి వచ్చేవాళ్ళకి 21వ రోజు సరైనదే. ఈమెకి మాత్రం అండం విడుదలైతే 26వ రోజు ప్రాంతంలో అవుతుంది, కాబట్టి రక్తం తీయాల్సింది దానికి వారం తర్వాత, 33వ రోజున. అప్పుడు ప్రొజెస్టిరాన్ మిల్లీలీటరుకి 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. దాటకపోతే నెలసరి వచ్చేదాకా వారానికోసారి మళ్ళీ తీయించు. వైద్యం అక్కర్లేదని కాదు. 40 రోజులకోసారంటే ఏడాదికి 13 అవకాశాల బదులు 9 మాత్రమే. కానీ ఏ వైద్యమో తేలాలంటే ముందు అండం విడుదలవుతోందో లేదో తెలియాలి.

హార్మోన్ రిపోర్టు ఏదైనా సరే, అంకె చదివే ముందు ఏ రోజు తీశారో అడుగు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అయితే నెలసరి వచ్చిన రెండు మూడు రోజుల్లో. ప్రొలాక్టిన్‌కి తేదీ కన్నా ఆ మనిషి స్థితి ముఖ్యం. సూది అంటే భయపడినా కొంచెం పెరుగుతుంది. డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ బిళ్ళ వేసుకుంటే ఇంకా పెరుగుతుంది. మనవాళ్ళు గ్యాస్ బిళ్ళని మందుల లెక్కలో వేయరు, 'ఏమైనా మందులు వాడుతున్నావా' అంటే లేదంటారు. దాని గురించి విడిగా అడగాల్సిందే. థైరాయిడ్ తగ్గినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది, అందుకని టీఎస్‌హెచ్ చూడకుండా దాన్ని తగ్గించే కాబర్గోలిన్ రాయకు.

'నీటి బుడగలున్నాయట మేడమ్' అంటూ స్కానింగ్ కాగితం పట్టుకుని ఏడుస్తూ వచ్చేవాళ్ళు నీకు రోజూ తగులుతారు. ఆ ఒక్క కాగితంతో పీసీఓఎస్ అని ముద్ర వేయకు. 2003లో రాటర్‌డామ్‌లో కుదిరిన లెక్క ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువన్న గుర్తులు, స్కానింగ్‌లో ఆ నీటి బుడగల రూపం. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటివి కారణం కాదని తేలాకే. మెడ వెనక కూడా చూడు. నల్లగా, మందంగా ఉంటే ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందని అనుమానించాలి. అది మురికనుకుని సున్నిపిండితో రుద్ది రుద్ది పుండు చేసుకున్నవాళ్ళని చూశాను, పాపం. ఇన్సులిన్ పెరిగితే అండాశయం టెస్టోస్టిరాన్ ఎక్కువగా తయారు చేస్తుంది, అండం పెరుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే 80 కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా కొందరిలో నెలసరి దారిలో పడుతుంది. 'బరువు తగ్గమ్మా' అని మాత్రం అనకు. ఆ మాట ఆడపడుచు నుంచి పక్కింటావిడ దాకా అందరూ అనేసే ఉంటారు. రాత్రి ఏం తిన్నదో అడుగు. అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచమను, తిన్నాక నడవమను. సన్నగా ఉన్నవాళ్ళకీ పీసీఓఎస్ ఉంటుంది, వాళ్ళని బరువు తగ్గమనడంలో అర్థం లేదు.

అండం విడుదల కోసం ఇచ్చే లెట్రజోల్ గురించి అడిగావు. 2011లో మన దేశంలో సంతానం కోసం దాన్ని వాడకూడదని నిషేధించారు. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 750 మందిపై చేసిన పరిశోధనలో క్లోమిఫిన్ వాడినవాళ్ళలో 19.1 శాతం, లెట్రజోల్ వాడినవాళ్ళలో 27.5 శాతం మంది బిడ్డల్ని కన్నారు. 2017లో నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు మొదట రాసేది అదే.

అయితే అది రాసే ముందు భర్త వీర్య పరీక్ష చేతికి రావాలి. 'మావాడికేం లోపం లేదమ్మా' అని అత్తగారు పూచీ పడతారు. కండల కోసం జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు చేయించుకున్న కుర్రాడి సంగతి ఆవిడకేం తెలుసు? బయటి నుంచి ఆ హార్మోన్ అందితే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తగ్గించేస్తుంది, వీర్యకణాలు సున్నాకి కూడా పడిపోవచ్చు. ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది. అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు, తల్లి ముందు చెప్పడు.

ఇంకొకటి. థైరాయిడ్ బిళ్ళ వాడుతున్న అమ్మాయి నెల తప్పగానే, కడుపుతో ఉన్నప్పుడు మందులెందుకని ఇంట్లో మాన్పించేస్తారు. నిజానికి మోతాదు ఇంచుమించు పావు వంతు పెంచాల్సింది అప్పుడే. ఐరన్ బిళ్ళకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భం కోసం వైద్యం మొదలుపెట్టిన రోజే ఈ సంగతి చీటీ వెనక తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసివ్వు. చీటీ అత్తగారి చేతికి వెళ్ళేలా చూడు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ