ఆ గడిలో రాసేది మన నమ్మకమేనా?

ఈసారి కాసేపు మతం గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, ఎవరి దేవుడు గొప్ప అనే వాదనలోకి వెళ్ళను. అప్లికేషన్ ఫారాల్లో పేరు, పుట్టిన తేదీ, ఊరు తర్వాత 'మతం' అని ఒక గడి ఉంటుంది కదా, మన ముచ్చట దాని గురించి.

పిల్లని బళ్ళో వేసేటప్పుడు, కుల ధ్రువీకరణ పత్రానికి అర్జీ పెట్టేటప్పుడు ఆ గడి నింపుతాం. ఆలోచించే పనే ఉండదు. మన నాన్నగారు మనకి ఏది రాయించారో, మన పిల్లలకీ అదే రాస్తాం. 2027 జనగణనకి ఎన్యూమరేటర్ మన గుమ్మంలోకి వచ్చినప్పుడు కూడా ఒక్క మాటలో జవాబు చెప్పి పంపేస్తాం. మరి ఆ ఒక్క మాటకీ, కష్టం వచ్చి అర్ధరాత్రి నిద్ర పట్టనప్పుడు మనం మనసులో తలుచుకునే దానికీ ఎంతవరకు పొత్తు ఉందంటారు?

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ గడి మనం ఎవరింట్లో పుట్టామో చెప్తుంది. మనం దేన్ని నమ్ముతున్నామో దానికి తెలీదు. ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్ల నష్టపోతున్నవాళ్ళలో మన ఆడవాళ్ళే ఎక్కువ. అందుకే ఈ సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

నెల్లూరు రొట్టెల పండగకి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఆడవాళ్ళు రొట్టెలు మార్చుకుంటారు. పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టె, చదువు రొట్టె. కోరిక తీరినవాళ్ళు మరుసటేడు రొట్టె చేసి తెచ్చి, అదే కోరికతో వచ్చిన ఇంకో ఆడకూతురి చేతిలో పెడతారు. ఆ నీళ్ళలో బొట్టు పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు, బురఖా వేసుకున్నవాళ్ళూ ఉంటారు. నీదే మతమని అడిగి రొట్టె ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఉగాది నాడు దేవుని కడప వెళ్ళి చూడండి. వెంకటేశ్వరస్వామి దర్శనానికి ముస్లిం కుటుంబాలు వరసలో నిలబడతాయి. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని, స్వామి తమకి అల్లుడని వాళ్ళ నమ్మకం. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకి వెళ్తే కొబ్బరికాయలు కొట్టేవాళ్ళూ, తలనీలాలు ఇచ్చేవాళ్ళూ కనిపిస్తారు. అనంతపురం వైపు గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండగకి వచ్చే జనంలో హిందువులే ఎక్కువ. ఇక పేర్లంటారా? మస్తానమ్మ, ఉస్సేనమ్మ, కుళ్ళాయప్ప, ఫకీరప్ప. ఇవి హిందువుల ఇళ్ళలో, మొక్కు తీరి పుట్టిన బిడ్డలకి పెట్టుకున్న పేర్లు. వీళ్ళెవరూ మతం మారలేదు. ఫారం మీద ఒకటే మాట రాస్తారు. మనసులో మాత్రం ఇద్దరు ముగ్గురు దేవుళ్ళకి చోటుంది.

ఇది పల్లెటూళ్ళ అమాయకత్వం అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. కానీ అమెరికాకి చెందిన ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019-20లో మన దేశంలో దాదాపు 30,000 మందిని ఇళ్ళకి వెళ్ళి అడిగి, 2021లో ఒక నివేదిక వేసింది. కర్మ సిద్ధాంతాన్ని నమ్ముతామన్న హిందువులు 77 శాతం. అదే మాట చెప్పిన ముస్లింలూ 77 శాతమే. పునర్జన్మ మీద నమ్మకం ఉందన్న హిందువులు 40 శాతం మాత్రమే అయితే, క్రైస్తవుల్లో 29 శాతం మంది నమ్ముతామన్నారు. గంగాజలం పవిత్రం చేస్తుందని ప్రతి ముగ్గురు క్రైస్తవుల్లో దాదాపు ఒకరు చెప్పారు. ఏ మతం వాళ్ళు ఏం నమ్ముతారో మనం బడి పుస్తకంలో చదువుకున్న లెక్క, మనుషుల్ని అడిగితే నిలబడలేదన్నమాట.

మరి గడికీ మనసుకీ అంత తేడా ఉంటే పోనీలే అని ఊరుకోవచ్చు కదా అంటారేమో. ఊరుకోలేం. ఆ గడిలో రాసిన మాట ఆస్తి దగ్గరికి, పెళ్ళి దగ్గరికి, చావు దగ్గరికి కూడా వస్తుంది.

1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ వారసత్వ చట్టం బౌద్ధులకీ, జైనులకీ, సిక్కులకీ కూడా వర్తిస్తాయి. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతాలకి చెందనివాళ్ళని మామూలుగా ఈ చట్టాల కిందే లెక్కేస్తారు, షెడ్యూల్డ్ తెగల సంగతి వేరు. అంటే దేవుడే లేడని చెప్పే మనిషి కూడా హిందువుల ఇంట్లో పుడితే ఆస్తి పంపకాల దగ్గర హిందువే. ముస్లిం ఇంట్లో పుట్టిన అమ్మాయికి నమ్మకం పోయినా, తండ్రి ఆస్తిలో వాటా షరియత్ ప్రకారమే వస్తుంది, అది అన్నదమ్ములకి వచ్చేదాంట్లో సగం. నాకు మత విశ్వాసం లేదు, నాకు భారత వారసత్వ చట్టం వర్తింపజేయండి అని కేరళ మహిళ ఒకామె సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2024లో కోర్టు ఆ పిటిషన్‌ని విచారణకి తీసుకుంది. నమ్మకం లేదని నిజాయితీగా చెప్పిన మనిషికి చట్టంలో చోటెక్కడ అన్నదే ఆమె ప్రశ్న. నాకైతే అది చాలా న్యాయమైన ప్రశ్న అనిపిస్తుంది.

ఇక పెళ్ళి. పుట్టినింట్లో నాన్న మతం మనది, మెట్టినింట్లో ఆయన మతం మనది. మధ్యలో మన నమ్మకం ఏమిటని అడిగినవాళ్ళెవరు? గుజరాత్‌లో ఒక పార్సీ మహిళ హిందువుని ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకుంది. ఆ చట్టం వచ్చింది 1954లో. ఎవరి మతంలో వాళ్ళు ఉండి పెళ్ళి చేసుకోవడానికే అది ఉంది. ఆమె తన మతం వదల్లేదు. అయినా హిందువుని చేసుకున్నావు కాబట్టి నువ్వు పార్సీవి కాదన్నారు. కన్నవాళ్ళు పోతే అంత్యక్రియల్లో పాల్గొనే హక్కు కూడా లేదన్నారు. 2012లో గుజరాత్ హైకోర్టు కూడా భర్త మతమే ఆమె మతమంది. ఆమె వెనక్కి తగ్గలేదు. పెళ్ళితో ఆడదాని మతం భర్త మతంలో కలిసిపోతుందనడానికి ఆ చట్టంలో ఆధారం లేదని, 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ప్రాథమికంగా అభిప్రాయపడింది. తల్లిదండ్రుల అంత్యక్రియలకి ఆమెని రానివ్వడానికి అక్కడి పార్సీ సంఘం ఒప్పుకుంది. పెళ్ళితో ఆడదాని మతం మారుతుందా అనే అసలు ప్రశ్న మాత్రం తర్వాత ఇంకా పెద్ద ధర్మాసనం ముందుకి వెళ్ళింది. చూశారా, కన్నతల్లిని ఆఖరిసారి సాగనంపుకోవడానికి ఒక ఆడకూతురు సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది!

పెళ్ళి ఈడుకొచ్చిన పిల్లలున్న తల్లులకి ఒక మాట. వేరే మతం అబ్బాయిని చేసుకోవాలంటే మీ అమ్మాయి మతం మారాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. మారాలని ఆమె మనసుకి నిజంగా అనిపిస్తే అది వేరే సంగతి. అత్తవారు అడిగారనో, పెళ్ళి ఆగిపోతుందనో మారితే, ఆ మార్పు ఆమెది కాదు.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త బరువైన సంగతి. ఆదివారం చర్చికి వెళ్ళి, రోజూ రాత్రి బైబిలు చదువుకుని పడుకునే తల్లి, కూతురి సర్టిఫికెట్ మీద 'హిందూ' అని ఉంచుకోవడం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. కారణమూ తెలిసిందే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితుల్ని చేర్చలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సి. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సికి ఒక్క శాతం. ఎస్టీలకి ఈ షరతు లేదు, వాళ్ళు ఏ మతంలో ఉన్నా ఎస్టీలే.

విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కోర్టు చట్టం చూసి చెప్పింది. నాకు మాత్రం ఆ తల్లిని అబద్ధాలకోరు అనడానికి నోరు రాదు. బాప్తిస్మం తీసుకున్నంతలో ఊరు ఆమెని చూసే చూపు మారిందా? వాడ పేరు మారిందా? అంటరానితనం మతం మారినా వెంటే వస్తుంటే, సాయం మాత్రం మతం దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఈ విషయం పరిశీలించడానికి 2022లోనే కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కూతురి మెడికల్ సీటుకీ తన ప్రార్థనకీ మధ్య ఒక తల్లిని నిలబెట్టడం ధర్మం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అసలు ఆ గడే వద్దనేవాళ్ళూ మనలో ఉన్నారు. పుట్టిన బిడ్డకి మతం, కులం లేకుండా జనన ధ్రువీకరణ పత్రం ఇమ్మని తెలంగాణలో ఒక జంట అడిగింది. ఆన్‌లైన్ దరఖాస్తులో అలాంటి వీలే లేకపోయింది. 2023లో తెలంగాణ హైకోర్టు 'మతం లేదు, కులం లేదు' అని రాసుకునేందుకు వీలు కల్పించమంది. రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది, అందులో ఏ మతమూ వద్దనుకునే స్వేచ్ఛ కూడా ఉంది. మా నమ్మకానికి వేరే గడి ఇవ్వండనేవాళ్ళు ఇంకోవైపున్నారు. 2011 జనగణనలో దాదాపు 50 లక్షల మంది ఆదివాసీలు ఏ పెద్ద మతం పేరూ చెప్పకుండా 'సర్నా' అని రాయించారు. లెక్కల్లో వాళ్ళని 'ఇతరులు' కింద కలిపేశారు.

నమ్మకాన్ని దేన్నిబట్టి కొలవాలని నన్నడిగితే హేమలతా లవణం గారి పేరు చెప్తాను. ఆవిడ తండ్రి గుర్రం జాషువా. క్రైస్తవుల ఇంట్లో పెరిగిన కవి. 1941లో 'గబ్బిలం' రాస్తూ దళితుడి గోడు కాశీలో ఉన్న శివుడికి వినిపించమని గబ్బిలాన్ని పంపాడు. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. హేమలత గారు మెట్టింది నాస్తికుల ఇంట్లో. మామగారు గోరా, అత్తగారు సరస్వతీ గోరా, 1940లో నాస్తిక కేంద్రం పెట్టినవాళ్ళు. గోరా కూతురు మనోరమని దళిత యువకుడికిచ్చి పెళ్ళి చేయాలనుకుంటే, ఆ పెళ్ళి తంతులో దేవుడనే మాటకి బదులు సత్యం అనే మాట పెట్టడానికి గాంధీజీయే ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి చూడకుండానే ఆయన పోయారు. అది 1948 మార్చిలో, ఆయన ఆశ్రమం సేవాగ్రామ్‌లో జరిగింది.

అటు శివుడికీ క్రీస్తుకీ కావ్యాల్లో చోటిచ్చిన తండ్రి, ఇటు దేవుణ్ణే ఒప్పుకోని అత్తమామలు. మరి హేమలత గారి గడిలో ఏం రాయాలి? ఆవిడ జీవితమంతా స్టువార్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడ్డ కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో దేవుడి పేరు మీద జోగినులుగా మార్చిన ఆడపిల్లల మధ్య గడిపారు. ఆ పిల్లల్లో ఎంతోమందిని ఆ బతుకు నుంచి బయటికి తెచ్చారు. ఆ జోగినులలో ఒక్కరైనా ఆవిడని 'అమ్మా, మీదే మతం?' అని అడిగి చేయి అందుకుని ఉంటారా?

ఇంతకీ మన ఇళ్ళల్లో మనం చేయగలిగింది ఉంది. ఇంటి పెద్ద మతమే అందరి మతం అని జనగణనలో రాసేయకూడదు. ఇంట్లో ఒక్కొక్కరి మతం వేరుగా అడగాలి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. కాబట్టి ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు మీ మతం మీ నోటితో చెప్పండి. మీ అత్తగారిని చెప్పనివ్వండి, కోడలిని చెప్పనివ్వండి. పక్కింటావిడ పేరు చూసి, బొట్టు చూసి, మెడలో శిలువ చూసి ఆవిడ మనసంతా తెలిసిపోయిందనుకోకండి. అన్నిటికన్నా ముందు, మీ అమ్మాయిని ఒక్కసారి దగ్గర కూర్చోబెట్టుకుని 'నువ్వు దేన్ని నమ్ముతావమ్మా?' అని అడగండి. ఏం చెప్పినా కోప్పడకుండా వినండి.