డాబాకి రబ్బరు దుప్పటి కప్పొచ్చా?

పోయిన వానాకాలం గుంటూరులో మా ఇంటి స్లాబు కారింది. సరిగ్గా నాయనమ్మ మంచం మీదే. పక్కన గిన్నె పెట్టుకుని పడుకునేది పాపం. నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, డాబా అంతా రబ్బరు షీటు వేయిస్తే సరిపోతుందంటున్నారు. నువ్వు చదివేది సివిలే కదా, వేయించమంటావా?" అన్నారు. ఇంట్లో నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. రెండు రోజులు టైమ్ అడిగి, చదివాను. అదే మీతో పంచుకుంటున్నాను.

ఈ షీటుని ఈపీడీఎం అంటారు. ఇథిలీన్, ప్రొపిలీన్, డయీన్ కలిపి చేసే సింథటిక్ రబ్బరు. మందం సుమారు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు.

ముందు లాభాలు. మన స్లాబు పగలు ఎండకి వ్యాకోచిస్తుంది, రాత్రికి సంకోచిస్తుంది. సిమెంటు పూత ఆ కదలికకి పగులుతుంది. రబ్బరు సాగుతుంది కాబట్టి తట్టుకుంటుంది. అందులో కలిపే కార్బన్ బ్లాక్ వల్ల ఎండలోని అతినీలలోహిత కిరణాలకి తొందరగా పాడవదు. వెడల్పాటి షీట్లు దొరుకుతాయి, అంటే అతుకులు తక్కువ. బాగా వేస్తే ఇరవై ఏళ్ళకి పైగానే ఉంటుంది.

ఇక నష్టాలు. నల్లటి షీటు వేడిని పీల్చుకుంటుంది. చలిదేశాల్లో అది వరమే కానీ, గుంటూరు మే నెలలో? రెండోది, పదునైనది గుచ్చుకుంటే చిల్లు పడుతుంది. నీళ్ళు ఒకచోట దిగి, షీటు కింద పాకి, ఇంకోచోట కారితే చిల్లు కనిపెట్టడం కష్టం. మూడోది, నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. నాలుగోది, స్లాబు తడిగా ఉండగా అంటిస్తే చెమ్మ ఆవిరై షీటు బుడగలు లేస్తుంది.

ఇదంతా నోట్సు రాసుకుని ఇంటికెళ్ళి డాబా ఎక్కాను. మిరపకాయలు, వడియాలు, ఇనప మంచం, ఆవకాయ జాడీలు! నా నష్టాల జాబితా అంతా అక్కడే ఉంది.

నాలుగు బకెట్ల నీళ్ళు పోసి చూశాం. నీళ్ళు తూము వైపు పోకుండా నాయనమ్మ గది మీదే నిలిచాయి. అక్కడ పిట్టగోడ మొదట్లో సన్నటి పగులు. మీటరుకి సెంటీమీటరు చొప్పునైనా ఉండాల్సిన వాటం లేదు. రబ్బరు వేసినా నీళ్ళు అక్కడే నిలిచేవి, ఏదో ఒక అతుకు ఊడితే మళ్ళీ గిన్నే.

"నాన్నా, ముందు వాటం సరిచేయిద్దాం. పగులు పూడ్చి, గోడ చుట్టూ గోలా కట్టిద్దాం. రబ్బరు సంగతి తర్వాత" అన్నాను. మేస్త్రీ రెండు రోజుల్లో ముగించాడు. తర్వాతి వానకి గిన్నె అవసరం రాలేదు.

రబ్బరు షీటు చెడ్డదని కాదు. ఎవరూ ఎక్కని కప్పుకి, లేదా పైన టైల్స్ పరిచి కాపాడుకునే డాబాకి భేషుగ్గా పనికొస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా అడిగితే మాత్రం, షీటు ధర కనుక్కునేముందు ఒక బకెట్ నీళ్ళు పట్టుకుని డాబా ఎక్కండి.