ఊరి పేరు – ఇంటిపేరు

తెలుగువారి ఇంటిపేర్లలో అనేకం గ్రామనామాలు. మహాకవి గురజాడ వేంకట అప్పారావు ఇంటిపేరు కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామానిది. కందుకూరు అనే ఊరి పేరు ఇంటిపేరైనప్పుడు ‘కందుకూరి’ అవుతుంది. చివరనున్న ‘ఇ’కారం ఔపవిభక్తికం. అది ‘ఆ ఊరికి చెందిన’ అనే సంబంధాన్ని తెలుపుతుంది. ఈ సంప్రదాయం మనకే పరిమితం కాదు. ఇంగ్లాండులోని వాషింగ్టన్ గ్రామచరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

ఈశాన్య ఇంగ్లాండులో వియర్ నదికి సమీపాన వెలసిన ఆ గ్రామం నేడు పట్టణంగా విస్తరించినది. ప్రాచీనాంగ్లంలో ‘టన్’ అనగా నివాసస్థలం. హ్వాసా అనే వ్యక్తి వర్గీయుల నివాసం కావటంచేత ఆ పేరు ఏర్పడినదని భాషావేత్తల అభిప్రాయం. 12వ శతాబ్దిలో విలియం డి హర్ట్‌బర్న్ అనే భూస్వామి తన హర్ట్‌బర్న్ గ్రామాన్ని ఇచ్చి, బదులుగా ఈ గ్రామాన్ని పొందాడు. 1183 నాటి డర్హం బిషప్పు భూముల లెక్కలలో ఈ మార్పిడి నమోదై ఉన్నది. ఊరు మారటంతో ఇంటిపేరూ మారినది. ‘డి’ అనే ఫ్రెంచి పదం, మన ‘ఇ’కారంవలె, సంబంధాన్ని సూచించేది. కాలక్రమంలో అది లోపించి ఊరి పేరు మాత్రమే మిగిలినది.

ఆ వంశంలోని ఒక శాఖ దక్షిణానికి తరలి సల్‌గ్రేవ్ గ్రామంలో స్థిరపడినది. 17వ శతాబ్ది మధ్యకాలంలో జాన్ వాషింగ్టన్ అమెరికాలోని వర్జీనియాకు వలస వెళ్ళాడు. అతని మునిమనుమడే 1789లో అమెరికా తొలి అధ్యక్షుడైన జార్జి వాషింగ్టన్. 1791లో నూతన రాజధానికి ఆయన పేరు పెట్టారు.

స్వాతంత్ర్యం సాధించిన ఆ నాయకుని తోటలలోనే నల్లజాతి బానిసలు పనిచేశారు. బానిసలకు చట్టం గుర్తించిన ఇంటిపేరు లేదు. 1865లో బానిసత్వం రద్దయిన తరువాత వారు తమ ఇంటిపేర్లను తామే నిర్ణయించుకొన్నారు. బానిసగా జన్మించిన బుకర్ అనే బాలుడు, బడిలో హాజరు పిలిచేటప్పుడు తోటిపిల్లలకు ఇంటిపేర్లు ఉండటం గమనించి, తన పేరు ‘బుకర్ వాషింగ్టన్’ అని చెప్పాడు. ఆ బాలుడే 1881లో టస్కెగీ విద్యాలయానికి తొలి అధిపతి అయ్యాడు. 2000 సంవత్సరపు జనగణన ప్రకారం, ఈ ఇంటిపేరు గల అమెరికన్లలో నూటికి దాదాపు 90 మంది నల్లజాతీయులే.

ఈ విధంగా ఒక వ్యక్తి పేరు ఊరికి, ఊరి పేరు వంశానికి, వంశం పేరు రాజధానికి సంక్రమించినది. చివరకు, సొంత ఊరి పేరైనా దక్కనివారు దానిని తమ ఇంటిపేరుగా నిలుపుకొన్నారు. ఇంటిపేరు పూర్వుల ఊరిని తెలుపవచ్చును. దానికి విలువను సంపాదించేది మాత్రం దానిని ధరించినవారి జీవితమే.