గాండీవము జారిన వేళ

శ్రీమద్భగవద్గీత మొదటి అధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. నిత్యపారాయణము చేయు గృహస్థులు సైతము ఈ అధ్యాయమును త్వరత్వరగా ముగించి, ఆత్మతత్త్వమును బోధించు రెండవ అధ్యాయమునకు సాగిపోవుట కలదు. కాని అందు అర్జునుడు తన స్థితిని గూర్చి చెప్పుకొన్న మాటలు నిలిచి వినదగినవి. అతని అవయవములు పట్టు తప్పెను. నోరెండెను. ఒడలు వణకెను. చర్మము మండినట్లాయెను. మనస్సు గిరగిర తిరుగగా నిలువ శక్తి లేక, చేతనున్న గాండీవమును గూడ పట్టుకొనలేకపోయెను.

అర్జునునిది రోగమని చెప్పుట మన ఉద్దేశము కాదు. అతని విషాదమునకు బంధుప్రేమ కారణము. కాని నేటి వైద్యులు ఆంగ్జయిటీ అనియు, మనవారు ఆందోళన వ్యాధి అనియు చెప్పుదానిలో శరీరము పడు బాధ సరిగా ఇట్టిదే. ఈ స్థితికి లోనైనవాడు పిరికివాడు కాడనుటకు గూడ అర్జునుడే సాక్షి. నివాతకవచులను జయించినవాడు, ఉత్తర గోగ్రహణమున కౌరవసేనను ఒంటిగా ఎదిరించినవాడు అతడే కదా!

మన కర్నూలు, కడప జిల్లాలలో ఒక ఉపాధ్యాయుడో, బస్సు డ్రైవరో, బ్యాంకు గుమాస్తాయో ఈ వ్యాధి కారణముగా ఆరు నెలలు సెలవు పెట్టినాడనుకొందము. కాలు విరిగి సెలవు పెట్టినచో బంధువులు పండ్లు తీసికొని చూడవత్తురు. మనస్సు నలిగి సెలవు పెట్టినచో గుసగుసలు బయలుదేరును. ‘తిన్నది అరగక’ అని ఒకరు, ‘పిచ్చి పట్టినదట’ అని మరొకరు అందురు. చికిత్సవలన నిద్ర పట్టి, ఆకలి పుట్టి, మనిషి కొంత తేరుకొనును. కాని తిరిగి ఉద్యోగములో చేరవలసిన దినము సమీపించుకొలది గుండె మరల దడదడలాడును. ‘ఆ గేటు దాటగలనా? నలుగురి ముఖము చూడగలనా?’ అను ప్రశ్న అతనిని రాత్రులందు వేధించును. అట్టివాడు మరల తన పనిని చేపట్టుట ఎట్లు? ఇంటివారు, తోడి ఉద్యోగులు చేయవలసినదేమి? ఇందులకు మన గ్రంథములలోనే మూడు పాఠములు కలవు.

1. గద్దింపు చాలదు

అర్జునుడు రథముపై కూలబడగా శ్రీకృష్ణుడు మొదట మందలించెను. ఈ దౌర్బల్యము నీకు తగదు, లెమ్మనెను. సాక్షాత్తు భగవంతుడు పలికిన ఆ మాటతో అర్జునుడు లేచెనా? లేవలేదు. తన బాధను మరల విన్నవించి, నేను యుద్ధము చేయనని చెప్పి, మౌనము వహించెను. ఇది రెండవ అధ్యాయపు తొలి శ్లోకములలోనే ఉన్నది. అటుపిమ్మట భగవానుడు గద్దించుట మాని బోధింప మొదలిడెను. అర్జునుడు అడిగినదే మరల అడిగినను విసుగుకొనలేదు. ఒక మనిషిని అతని పనికి మరల్చుటకు పదునెనిమిది అధ్యాయముల ఓర్పు కావలసివచ్చెను.

భగవంతుని గద్దింపే చాలనిచోట మన గద్దింపు చాలునా? ‘మగవాడివై ఇట్లు కూర్చుందువా?’ అను తండ్రియు, ‘ఇంక ఎన్నాళ్లు?’ అని దినదినము అడుగు బావమరిదియు ప్రేమతోనే అడుగుచుండవచ్చును. కాని ఆ మాటలు రోగి భయమునకు సిగ్గును జతచేయును. అతడు చెప్పుకొనునది అడ్డు తగులక వినుట మొదటి సేవ.

ఆరవ అధ్యాయములో అర్జునుడు, మనస్సును పట్టుట గాలిని పట్టుటవలె కష్టమనును. భగవానుడు కాదనలేదు. కష్టమే, సందేహము లేదని ముందుగా ఒప్పుకొని, పిదపనే అభ్యాసవైరాగ్యములను ఉపాయములుగా చెప్పెను. ‘నీ బాధ నిజమే’ అని ఒప్పుకొన్నవాని మాటయే బాధపడువాని చెవికెక్కును.

2. మరచిన బలమును గుర్తుచేయవలెను

ఒంటిమిట్ట కోదండరామాలయమును సేవించు యాత్రికులు, గర్భాలయమున సీతారామలక్ష్మణులు ఏకశిలయందు వెలసియుండగా హనుమంతుడు ఏల లేడని అడుగుదురు. రామునికి హనుమ ఇంకను పరిచయము కాని కాలమునాటి మూర్తులని క్షేత్ర సంప్రదాయము చెప్పును. ఆ హనుమంతుడు రామకార్యమున ప్రవేశించిన పిమ్మట తన బలమును తానెరుగక ఊరకున్న ఘట్టమొకటి కలదు. అది కిష్కింధాకాండ చివరిది.

సీతాన్వేషణమునకు సుగ్రీవుడు ఒక మాసము గడువిచ్చెను. దక్షిణదిక్కునకు పోయిన వానరులకు స్వయంప్రభ గుహలో కాలము తెలియక గడిచిపోయెను. వెలుపలికి వచ్చునప్పటికి గడువు దాటినది. పని కాలేదు. ఏలిక ముఖము చూచుటకు అంగదుడు భయపడి, కిష్కింధకు పోవుటకంటె ప్రాయోపవేశమే మేలని సముద్రతీరమున కూర్చుండెను. తక్కినవారును కూర్చుండిరి. నెలలు గడచిన పిదప అధికారి గది తలుపు తట్టవలసిన ఉద్యోగి భయము ఈ అంగదుని భయము వంటిదే. వీరులగు వానరులకే ఆ తలంపు రాగా సామాన్యునికి వచ్చుట వింత కాదు. ఎవరైన బ్రతుకు వలదన్న మాట పలికినచో దానిని తేలికగా తీసికొనక, ఒంటిగా విడువక, ఆనాడే వైద్యునియొద్దకు కొనిపోవలెను.

వారికి సంపాతివలన సీత జాడ తెలిసెను. ఇక సముద్రమును దాటవలెను. అంగదుడు, నూరు యోజనములు పోగలను గాని తిరిగి రాగలనో లేనో అనెను. హనుమంతుడు ఒకవైపు మౌనముగానుండెను. ఋషుల శాపముచే తన బలమును తానెరుగకుండెనని ఉత్తరకాండ చెప్పుచున్నది. అప్పుడు వృద్ధుడగు జాంబవంతుడు అతనిని సమీపించి, ఏల మౌనముగానున్నావని అడిగి, అంతటితో విడువక అతని పుట్టుకను, పరాక్రమమును కథగా చెప్పెను. కొత్త బలమేమియు ఇయ్యలేదు. ఉన్న బలమును గుర్తుచేసెను.

ప్రతి కార్యాలయములోను ఒక జాంబవంతుడుండవలెను. చేరిన దినమున ‘అన్నా, వచ్చినావా! రా, కాఫీ తాగుదాం’ అని పిలుచువాడు, వ్యాధి వివరములను ఆరాతీయనివాడు, ‘నీవు చెప్పిన లెక్కలతోనే ఆ పిల్లలు పది గట్టెక్కినారు’ అని జరిగినదానినే గుర్తుచేయువాడు. ఇది ముఖస్తుతి కాదు. భయము కప్పివేసిన సత్యమును తెరదీసి చూపుటయే.

3. మెల్లమెల్లగా

మనస్సును తొందరపడక క్రమక్రమముగా నిలుపవలెనని ఆరవ అధ్యాయమునందే కలదు. మితమైన ఆహారము, విహారము, నిద్ర, మేలుకొలుపు కలవానికే యోగము దుఃఖహరమగునని గూడ కలదు. ఇది మన ప్రాంతపు రైతుకు తెలియని మాట కాదు. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడప వరకు సాగు కె.సి. కాలువ ఎండి ఉన్నప్పుడు నీటిని ఒక్కమారుగా నిండుగా వదలరు. గట్లు తెగకుండ క్రమముగా పెంచుదురు.

ఉద్యోగమునకు మరలువాడును అట్లే చేయవలెను. చేరుటకు కొన్ని వారములు ముందునుండియే పనిదినములందువలె లేచి, స్నానసంధ్యలు ముగించి, వేళకు భుజింపవలెను. ఒకనాడు కార్యాలయపు గేటు వరకు నడచి రావలెను. మరియొకనాడు లోనికి పోయి ఒక మిత్రునితో మాట్లాడి రావలెను. గుండె దడ హెచ్చగానే వెనుదిరిగినచో అప్పటికి సుఖముగనే ఉండును గాని, మరునాటికి భయము పెరుగును. అచ్చటనే కొంతసేపు నిలిచినచో అది అలవలె లేచి, తనంత తానే తగ్గును. ఈ అనుభవము పలుమారులు కలుగగా భయము బలహీనపడును. వైద్యులు నేర్పు సాధనలో ముఖ్యభాగమిదే.

అధికారులు గూడ మొదటి వారములలో తేలికపని ఒప్పగించి, వీలైనచో పనివేళలు తగ్గించి, పిదప పెంచుట మేలు. 2022 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మార్గదర్శకములలో, మానసిక వ్యాధివలన సెలవుననున్నవారు తిరిగి చేరునపుడు చికిత్సయు, పనిలో తగిన మార్పులును జోడింపవలెనని సూచింపబడినది. మధ్యలో ఒక చెడ్డ దినము వచ్చినంత మాత్రమున పడిన శ్రమ వ్యర్థము కాదు.

కడప అను పేరు గడప నుండి వచ్చినదని ప్రసిద్ధి. దేవుని కడపలోని శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని సేవించి తిరుమలకు సాగుట ఈ మార్గపు యాత్రికుల ఆచారము. గడపవద్ద కొంత నిలుచుట యాత్రలో భాగమే.

మందును, మ్రొక్కును

కొందరు, ‘స్వామిని నమ్మినవానికి మందులేల?’ అందురు. జ్వరమునకు మందు మ్రింగుటలో లేని అపచారము దీనికి మాత్రమేల? మ్రొక్కు మ్రొక్కుగనే ఉండనిండు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోను, కడప రిమ్స్‌లోను మానసిక వైద్య విభాగములు కలవు. ఇంటినుండియే మాట్లాడదలచినవారికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగున ఉచితముగా లభించును. ఈ వ్యాధికి దీర్ఘకాలము వాడు మందుల గుణము తెలియుటకు కొన్ని వారములు పట్టును. గుణము కనబడగనే వైద్యునికి చెప్పక మానివేయరాదు. కొన్ని మందులు మత్తు కలిగించును గనుక, బస్సులు, యంత్రములు నడుపువారు విధిలో చేరుటకు ముందే వైద్యుని అడుగవలెను.

వైద్య ధ్రువపత్రముపై సెలవు పెట్టిన ప్రభుత్వోద్యోగి, తిరిగి చేరునపుడు ఆరోగ్యము కుదిరినదను ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు సమర్పింపవలెనని ఫండమెంటల్ రూల్సులో 71వ నియమము. ఆ కాగితమును ముందుగా సిద్ధపరచుకొన్నచో మొదటిదినపు కలత కొంత తగ్గును. 2018 మే 29న అమలునకు వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, చికిత్స విషయమున మనోవ్యాధిని శరీరవ్యాధితో సమానముగా చూడవలెననియు, రోగి వివరములు గోప్యముగా ఉంచవలెననియు విధించినది. కావున ఈ వ్యాధికి చికిత్స పొందుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

గీత చివర శ్రీకృష్ణుడు బాగుగా ఆలోచించి నీకు తోచినట్లు చేయుమనెను. శ్రద్ధగా వింటివా, నీ మోహము తొలగెనా అని అడిగెను. స్మృతి కలిగినదని, చెప్పినట్లు చేయుదునని అర్జునుడు బదులు చెప్పెను. అప్పుడతడు చేపట్టినది కొత్త విల్లు కాదు, చేజారిన గాండీవమునే. మన ఇండ్లలో, కార్యాలయములలో చేతులు వణకి పని విడిచినవారికి అట్టి స్మృతిని, వారి ప్రక్కనున్న మనకు పార్థసారథి ఓర్పును శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!