ఖాళీ గడిలో దాగిన ఆజ్ఞ

చెక్కు వ్రాసేటప్పుడు మొత్తం తర్వాత "మాత్రమే" అని వ్రాసి, మిగిలిన ఖాళీలో ఒక గీత గీస్తాం. ఎందుకు? మన సంతకం ఉన్న కాగితం మీద మరొకరు మరో మాట చేర్చకూడదని. కాగితం దగ్గర ఇంత జాగ్రత్తపడే మనం, వెబ్‌సైటులో గడులు పెట్టేటప్పుడు ఆ గీత గీయడం మరచిపోతున్నాం. ఆ మరపును ఆసరా చేసుకుని జరిగే దాడినే ఎస్.క్యు.ఎల్. ఇంజెక్షన్ అంటారు. కంప్యూటరు శాఖ వారికే కాదు, ఏదో ఒక గడిలో తన పేరు, ఫోను నంబరు నింపిన ప్రతి విద్యార్థికీ దీనితో సంబంధం ఉంది.

ముందుగా మూలం చూద్దాం. సమాచారాన్ని పట్టికలుగా అమర్చే సిద్ధాంతాన్ని 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ ప్రకటించాడు. ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఒక భాషను అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ 1974లో వెల్లడించారు. నేటి ఎస్.క్యు.ఎల్. దాని నుంచి వచ్చినదే. ఈ భాషలో చేయవలసిన పని, దానికి కావలసిన సమాచారం రెండూ ఒకే వాక్యంలో కలిసి ఉంటాయి. సౌలభ్యమూ అక్కడే, చిక్కూ అక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫలితాల పేజీలో హాల్ టికెట్టు నంబరు అడిగే గడి ఉంది. మనం 37 అని కొడితే, లోపలి ప్రోగ్రాము "నంబరు 37 అయిన వరుసను ఇవ్వు" అనే వాక్యం కట్టి డేటాబేసుకు పంపుతుంది. బాగానే ఉంది. మరొకడు వచ్చి "37 లేదా 1 = 1" అని కొట్టాడనుకోండి. ఇప్పుడు వాక్యం "నంబరు 37 అయిన లేదా ఒకటి ఒకటితో సమానమైన వరుసలను ఇవ్వు" అని మారింది. ఒకటి ఎప్పుడూ ఒకటితో సమానమే గదా! కనుక పట్టికలోని వరుసలన్నీ బయటికి వస్తాయి. యంత్రానికి వివేకం లేదు. వ్యాకరణం కుదిరితే చాలు, చెప్పింది చేసుకుపోతుంది. ఈ కిటుకును జెఫ్ ఫారిస్టాల్ "రెయిన్ ఫారెస్ట్ పప్పీ" అనే మారుపేరుతో 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే పత్రికలో బహిరంగంగా వివరించాడు. పాతికేళ్లు దాటినా ఈ జబ్బు పోలేదు.

పోకపోవడానికి ఒక కారణం ప్లగిన్లు. వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. బయటివారు వ్రాసిన చిన్న ప్రోగ్రాములను, అంటే ప్లగిన్లను, తగిలించుకునే వీలు 2004లో కలిగింది. ఫొటోలకొకటి, ఫారాలకొకటి చొప్పున ఇప్పుడు 50,000కు పైగా ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే ఒక సంగతి గమనించాలి. ప్రధాన ప్రోగ్రాముకు డేటాబేసు మీద ఎంత అధికారం ఉందో, ప్రతి ప్లగిన్‌కూ అంతే ఉంటుంది. పెళ్లికి పిలిచిన వంటవాడికి బీరువా తాళాలు కూడా ఇచ్చినట్లన్నమాట! ఫొటోల ప్లగిన్‌లో కన్నం పడితే పోయేది ఫొటోలు కావు, మొత్తం డేటాబేసు.

ఇది ఊహ కాదు. పది లక్షలకు పైగా సైట్లలో ఉన్న నెక్స్ట్‌జెన్ గ్యాలరీలో 2017లో ఇటువంటి లోపమే బయటపడింది. వ్రాసినవారు రక్షణ కోసం ఉన్న "ప్రిపేర్" అనే సాధనాన్ని వాడారు కూడా. కాని బయటి నుంచి వచ్చిన మాటను ముందే వాక్యంలో అతికించి, ఆ తర్వాత దానికి అప్పగించారు. దొంగ లోపలికి వచ్చాక తలుపు గడియ వేసినట్లయింది.

యోస్ట్ ఎస్.ఇ.ఓ. ప్లగిన్‌లో 2015లో దొరికిన లోపం మరో రకం. అక్కడ బయటి నుంచి వచ్చేది, పట్టికను ఏ నిలువు వరుస ప్రకారం పేర్చాలో చెప్పే మాట. దానిలోని కొటేషను గుర్తులను శుద్ధి చేశారు గాని, ఆ చోట అసలు కొటేషన్లే ఉండవు. ఇక శుద్ధికి ఫలితమేముంది?

2024 మార్చిలో లేయర్‌స్లైడర్‌లో బయటపడినది మరీ విచిత్రం. తెరమీద ఏమీ కనబడదు. దాడి చేసేవాడు "రహస్యంలో మొదటి అక్షరం ఇదైతే కొన్ని సెకన్లు ఆగి జవాబివ్వు" అని అడుగుతాడు. జవాబు ఆలస్యమైతే అవునని, వెంటనే వస్తే కాదని అర్థం. అలా ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని మొత్తం చదివేస్తాడు. గడియారాన్ని చూసి దొంగతనం చేయడమంటే ఇదే!

మందు ఉందా? ఉంది, ఖరీదైనదీ కాదు. మొదటిది, వాక్యాన్ని ఖాళీలతో సహా ముందే స్థిరపరచి, విలువలను విడిగా పంపడం. అప్పుడు "37 లేదా 1 = 1" అన్నది వట్టి అక్షరాలుగానే మిగులుతుంది, ఆజ్ఞ కాలేదు. రెండవది, నంబరు రావలసిన చోట నంబరే వచ్చిందా అని చూడడం. మూడవది, నిలువు వరుసల పేర్ల వంటివాటికి అనుమతించిన జాబితా ఒకటి పెట్టుకుని, అందులో లేనిదాన్ని త్రోసిపుచ్చడం.

ప్రోగ్రాము వ్రాయనివారికీ పని ఉంది. వాడని ప్లగిన్‌ను ఆపివేస్తే చాలదు, పూర్తిగా తీసివేయాలి. సవరణ వచ్చిన రోజునే వేయాలి; రేపు చూద్దాం అంటే కుదరదు. 2014 అక్టోబరు 15న డ్రూపల్ అనే ప్రోగ్రాములో ఇటువంటి లోపానికి సవరణ విడుదలైంది. ప్రకటన వెలువడిన 7 గంటలలోగా దాన్ని వేయని సైట్లు దొంగల పాలైనట్లే భావించాలని ఆ సంస్థ రక్షణ బృందమే తర్వాత హెచ్చరించింది. ఏడు గంటలు, అంటే మనం ఒక నిద్ర తీసేంత సేపు!

ఇక మన సంగతి. కళాశాలల్లో, సంఘాల్లో సైట్లు తయారుచేసేది తరచుగా చివరి సంవత్సరం విద్యార్థులే. వారు డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతారు. సైటు మాత్రం ఉండిపోతుంది. పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉందో, సవరణలు ఎవరు వేస్తారో అడిగే నాథుడుండడు. అందులో ఉండేవి ఆడపిల్లల ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు, పూర్వ విద్యార్థుల వివరాలు. అవి ఒకసారి బయటికి పోతే తిరిగి తెచ్చుకునే దారి లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఏటా కొత్త కార్యవర్గానికి జమాఖర్చుల పుస్తకంతోపాటు, సైటు తాళాలూ ప్లగిన్ల జాబితా కూడా లిఖితపూర్వకంగా అప్పగించే పద్ధతి పెట్టుకుంటే ఎంత బాగుంటుంది!

చివరిగా ఉత్సాహవంతులైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ విద్యను మీ సొంత కంప్యూటరు మీద పెట్టుకున్న సైటులోనే అభ్యసించండి. పరాయి సైటులో అనుమతి లేకుండా దురుద్దేశంతో చొరబడితే, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షను క్రింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. లోపం కంటబడితే బాధ్యులకు చెప్పండి. తాళం ఎలా ఊడుతుందో తెలిసినవాడే గట్టి తాళం చేయగలడు. ఆ తెలివి కాపలాకు ఉపయోగపడాలి.