ఫ్లాట్‌వౌండ్ తీగలు కొనేముందు

ఉప్పల్

చిరంజీవి మేనకోడలికి,

బేస్ గిటార్‌కి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేద్దామనుకుంటున్నానని, ఏ కంపెనీవి కొనాలో చెప్పమని మెసేజ్ పెట్టావు. ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే నీకూ తేలిక, నాకూ తేలిక. కానీ ఫ్లాట్‌వౌండ్ సెట్టు మామూలు తీగలకంటే బాగా ఖరీదు. ఒకసారి వేశాక ఏళ్ల తరబడి ఆ గొంతుతోనే వాయించాలి. అందుకే ఓపిగ్గా రాస్తున్నాను, నువ్వూ ఓపిగ్గా చదువు. పాటలో నీ బేస్ చేయాల్సిన పని ఏమిటో ముందు తేల్చుకో. ఆ పనికీ నీ చేతికీ తగిన బిగువు ఎంచుకో. కంపెనీ పేరు చివర చూసుకుందాం.

తీగ లోపల ఏముందో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. బేస్ తీగ నడుమ ఉక్కు కోర్ ఉంటుంది. దాని మీద గుండ్రటి తీగ చుడితే అది రౌండ్‌వౌండ్. నీ గిటార్ మీద ఇప్పుడున్నవి అవే. వేలు జరిపినప్పుడు గరగరమంటూ తగిలేవి ఆ చుట్ల అంచులు. ఫ్లాట్‌వౌండ్‌లో పైచుట్టు చదునైన లోహపు పట్టీ. చుట్టుకీ చుట్టుకీ మధ్య గాడి ఉండదు, తీగంతా నున్నగా ఉంటుంది. వయొలిన్ తీగల మీద కూడా ఇలాంటి చదును చుట్టే చూస్తావు. కమాను ఆడాలన్నా, గమకంలో వేలు జారాలన్నా ఆ నునుపు ఉండాల్సిందే.

ఈ చుట్టు వల్ల తీగ కాస్త బిరుసుగా మారుతుంది. పై హార్మోనిక్స్ తొందరగా అణిగిపోయి, కింది మూల స్వరం స్పష్టంగా నిలబడుతుంది. రౌండ్‌వౌండ్ మీటితే లోహపు మెరుపుతో చాలాసేపు మోగుతుంది. ఫ్లాట్‌వౌండ్ మీటితే స్వరం నిండుగా మొదలై త్వరగా తగ్గుతుంది. వేలి గీతల చప్పుడు దాదాపు ఉండదు.

ఫ్లాట్‌వౌండ్ పాతకాలపు ముచ్చట అని మీ బ్యాండు కుర్రాళ్లు అంటున్నారట. పాతదన్న మాట నిజమే. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు దాని మీద ఉన్నవి ఫ్లాట్‌వౌండ్ తీగలే. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద లా బెల్లా కంపెనీ మందపాటి ఫ్లాట్‌వౌండ్లు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో కెరల్ కే అనే ఆవిడ ఫ్లాట్‌వౌండ్ల మీద పిక్‌తో వాయిస్తూ, తీగలు ఎక్కువ మోగకుండా వాటికి ఫెల్ట్ ముక్క ఆనించి, వేల పాటలకు బేస్ అందించింది. ఆవిడ వాయించినవి వెతికి విను. ఆడపిల్లకు బేస్ ఏమిటని మన బంధువుల్లో ఎవరైనా అంటే, జవాబుగా ఆ పాటలే వినిపించు.

1966 ప్రాంతంలో ద హూ బ్యాండు బేసిస్టు జాన్ ఎంట్విసిల్ కోరికమేరకు ఇంగ్లండులోని రోటోసౌండ్ వాళ్లు పియానోలాంటి మెరుపుతో మోగే రౌండ్‌వౌండ్లు తయారుచేశారు. అప్పటినుంచి రాక్ బేస్ ధ్వనే మారిపోయింది. అయినా ఫ్లాట్‌వౌండ్ నెమ్మది పాటలకే పరిమితం కాలేదు. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించిన ఐరన్ మెయిడెన్ హెవీ మెటల్ బ్యాండు. దాని బేసిస్టు స్టీవ్ హారిస్ తీగలు ఫ్లాట్‌వౌండ్లే. ఆయన పేరుతో రోటోసౌండ్ అమ్మే సెట్టు 50 నుంచి 110 గేజ్ వరకూ ఉంటుంది. కాబట్టి పాతా కొత్తా అన్న లెక్క పక్కన పెట్టు.

ఇక నీ సంగతి. నువ్వు వాయించేది రెండు చోట్ల. ఆదివారం నాచారం చర్చిలో ఆరాధన, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రా. చర్చిలో నీ చుట్టూ ఎవరున్నారో చూడు. కీబోర్డు ఆయన ఎడమచేయి కింది స్థాయిలోనే తిరుగుతుంది. తబలాలో డగ్గా గుమకం కూడా అక్కడే. వీటన్నిటి మీద క్వైరూ, వాళ్ల వెనక సంఘమంతా గొంతు కలుపుతారు. ఆ పాటలో నీ పని గొంతులకు నేల వేయడం. శ్రుతి ఎక్కడుందో, తాళం ఎక్కడ పడుతోందో పాడేవాళ్లకు తెలియాలి. నువ్వు వాయిస్తున్నావన్న ధ్యాస కూడా వాళ్లకు రానక్కరలేదు. ఆ పనికి ఫ్లాట్‌వౌండ్ చక్కగా కుదురుతుంది. స్వరం త్వరగా తగ్గుతుంది కాబట్టి డగ్గాకు చోటు మిగులుతుంది, వేలి గరగర మైకుల్లోకి పోదు.

ఆర్కెస్ట్రా వేరు. అక్కడ ఒక పాట 1970ల నాటిదైతే, దాని తర్వాతిది నిన్న మొన్న వచ్చిన తీన్‌మార్ బీటు. కొత్త పాటల్లో బొటనవేలితో కొట్టి చూపుడువేలితో లాగే స్లాప్ ఉంటుంది. ఫ్లాట్‌వౌండ్ మీద స్లాప్ కొడితే టప్పుమని అణిగిపోతుంది, చిటపటమనే ఆ మెరుపు రాదు. నీకు ఆర్కెస్ట్రానే ముఖ్యమైతే ఇప్పుడున్న రౌండ్‌వౌండ్లే ఉంచుకో. ఆరాధనే ముఖ్యమైతే మార్చు. రెండూ సమానమైతే, మీ నాన్న కొనిస్తానన్న రెండో బేస్ వచ్చేవరకు ఆగి, ఒక్కోదాని మీద ఒక్కో రకం వేసుకో.

డబ్బు పెట్టకముందే ఒక పరీక్ష చేయొచ్చు. బ్రిడ్జి పక్కన తీగల కింద మెత్తటి స్పాంజి ముక్క దూర్చు. గిటార్ మీద టోన్ నాబ్‌ని బాగా కిందికి తిప్పు. అలా ఒక ఆదివారం ఆరాధన మొత్తం వాయించు. ఆ తర్వాత క్వైరు వాళ్లను అడుగు, పాడటం సులువుగా అనిపించిందా అని. ఔనంటే నువ్వు వెతుకుతున్న ధ్వని దొరికినట్టే. ఫ్లాట్‌వౌండ్ నునుపు ఈ పరీక్షలో తెలియదు గానీ, పాటలో ఆ ధ్వని స్థానం తెలుస్తుంది.

స్పీకర్ల సంగతి కూడా ఆలోచించు. నీ ఇ తీగ వదిలి మీటితే సెకనుకు 41 సార్లు (41 హెర్ట్జ్) కంపిస్తుంది, ఎ తీగ 55 సార్లు. మన చర్చిల్లో గోడకు బిగించే కాలమ్ స్పీకర్లు అంత కిందికి దిగలేవు. వాటిలో మనకు వినిపించేది ఎక్కువగా 82, 110 హెర్ట్జ్ దగ్గరున్న రెండో హార్మోనిక్, ఆ పైవి. మా రోజుల్లో మేం సినిమా పాటల్ని చిన్న రేడియోల్లో, టేప్‌రికార్డర్లలో వినేవాళ్లం. అంత చిన్న స్పీకర్లోనూ ఇళయరాజా పాటల్లో బేస్ నడక తెలిసేది. ఆయన బేస్‌కి పాట కింద ఇంకో పాటలాంటి వరస రాసేవారు కాబట్టి చెవి దాన్ని పట్టుకునేది. 1989లో వచ్చిన ఆయన గీతాంజలి పాటలు మంచి హెడ్‌ఫోన్లలో విను. బేస్ ఎక్కడ కదిలిందో, ఎక్కడ ఊరుకుందో, గాయకుడు ఊపిరి తీసుకునేచోట ఏం చేసిందో రాసుకో. తీగ మార్చకముందే నీ వాయింపు మారుతుంది.

చిన్న స్పీకర్ల మీద మరీ మందమైన ధ్వని ఉన్న ఫ్లాట్‌వౌండ్ వేస్తే బేస్ మాయమైపోతుంది. అలాంటప్పుడు సౌండ్ చూసే అన్నయ్యను 40 హెర్ట్జ్ దగ్గర పెంచమని అడగకు, స్పీకరు అదురుతుందే గానీ స్వరం రాదు. 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచమను.

ఇప్పుడు బిగువు. తీగల గేజ్‌ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 45 అంటే 0.045 అంగుళం. ఒకే గేజ్‌లో రౌండ్‌వౌండ్ కంటే ఫ్లాట్‌వౌండ్ సాధారణంగా బరువు, గాడులు లేక లోహం ఎక్కువ పడుతుంది కదా. అందుకే వేలికి బిగుతుగా తగులుతుంది. నీ వేళ్లు సన్నం. మీ క్వైరు కోసం ఒక్కోసారి అర స్వరం దించి శ్రుతి పెడతావని మీ అమ్మ చెప్పింది. అర స్వరం దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది, పూర్తి స్వరమైతే 20 శాతం పైనే. ఇది కూడా లెక్కలో పెట్టుకో.

సెట్లు చూద్దాం. వియన్నాలో తయారయ్యే థామస్టిక్ జాజ్ ఫ్లాట్స్ 43, 56, 70, 100 గేజ్‌లో వస్తాయి. వీటి బిగువు చాలా తక్కువ. మధ్య స్థాయిలో కమ్మగా పాడతాయి, ధర ఎక్కువ. గట్టిగా మీటే చేతికి అవి లొంగిపోయినట్టు అనిపిస్తాయి. డడారియో క్రోమ్స్‌లో 45, 65, 80, 100 సెట్టు ఉంది. ఫ్లాట్‌వౌండ్లలో కొంచెం మెరుపు మిగిలినవి ఇవి, రౌండ్‌వౌండ్ నుంచి మారేవాళ్లకు కొత్త అనిపించదు. లా బెల్లాలో 45, 65, 85, 105 సెట్టు లోతైన, గుండ్రటి ధ్వని ఇస్తుంది. జేమర్సన్ పేరుతో ఉన్న 52, 73, 95, 110 సెట్టు మాత్రం చాలా బిగుతు, నీకిప్పుడు వద్దు. మీ చర్చి స్పీకర్లు, నీ చెయ్యి, రెండూ చూసి నా సలహా క్రోమ్స్ 45 సెట్టు. స్పీకర్లు మారాక, ఇంకా లోతు కావాలనిపిస్తే అప్పుడు లా బెల్లా గురించి మాట్లాడుకుందాం.

కొనేముందు గిటార్ కొలుచుకో. నట్ నుంచి బ్రిడ్జి శాడిల్ వరకు 34 అంగుళాలుంటే లాంగ్ స్కేల్ సెట్టు, 30 అయితే షార్ట్ స్కేల్ సెట్టు. తీగ చివర పట్టుదారం చుట్టి ఉంటుంది. అది నట్ దాటి ట్యూనింగ్ కీ వైపే ఉండాలి, నట్ మీదికి రాకూడదు. బ్రిడ్జి వెనక నుంచే తీగ ఎక్కించు. గిటార్ ఒంటిలోంచి దూర్చే రకమైతే ఫ్లాట్‌వౌండ్ ఆ మలుపులో దెబ్బతినొచ్చు. ఎక్కువైన తీగను కత్తిరించేముందు, కత్తిరించే చోటికి ఇవతల దాన్ని లంబంగా గట్టిగా మడిచి అప్పుడు కత్తిరించు. మడవకుండా కోస్తే పైపట్టీ వదులై తీగ మూగబోతుంది.

తీగలు ఎక్కాక సెటప్ తప్పనిసరి, ఇక్కడ పిసినారితనం వద్దు. బిగువు మారగానే నెక్ వంగుతుంది. శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ ఒంటికి కలిసే చోటా తీగ నొక్కి పట్టుకుని, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూడు. 0.3 మిల్లీమీటరు, అంటే విజిటింగ్ కార్డు మందం ఉండాలి. ఎక్కువుంటే నెక్ లోపలి ట్రస్ రాడ్‌ని పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, కాసేపు ఆగి చూడు. ఒక్కసారే ఎక్కువ తిప్పకు. ఆ తర్వాత తీగ ఎత్తు. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, జి తీగ కింద 2 మిల్లీమీటర్లు మంచి మొదలు. చివరికి, పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్, నొక్కిన స్వరం ఒకటేనా చూడు. నొక్కిన స్వరం ఎక్కువుంటే శాడిల్ వెనక్కి జరుపు. నట్‌లో గాడి ఇరుకై తీగ పట్టేస్తే దాన్ని నువ్వు ఆకురాయితో రుద్దొద్దు, తెలిసినవాళ్లకే ఇవ్వు.

కొత్త ఫ్లాట్‌వౌండ్లు మొదటి వారాల్లో కొంచెం మెరుపుగానే మోగుతాయి. బాగాలేవని వెంటనే విప్పేయకు. వాయించిన కొద్దీ మెత్తబడతాయి. ప్రతిసారీ పొడిబట్టతో తుడువు. మన ఊళ్లో ఏప్రిల్, మే ఎండకు చేతులు చెమటలు కారుస్తాయి. రౌండ్‌వౌండ్ గాడుల్లో ఆ చెమటా మురికీ చేరి తీగ చచ్చిపోతుంది. ఫ్లాట్‌వౌండ్ మీద అది నిలవదు, తుడిస్తే పోతుంది. రౌండ్‌వౌండ్లను నీళ్లలో మరిగించినట్టు వీటిని మరిగించకు. ఎండలకొకసారి, వానలకొకసారి నెక్ చూసుకో, గాలిలో తేమ మారితే కర్ర కదులుతుంది. ఇంకో మాట, ఫ్లాట్‌వౌండ్ వేశాక చప్పుడు తగ్గింది కదా అని మీ అపార్టుమెంటులో రాత్రుళ్లు ఆంప్ పెంచకు. లోతైన స్వరాలు శ్లాబుల్లోంచి దూరి కింద ఇంట్లోవాళ్లను లేపుతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకో.

నిన్ను బేస్ పట్టుకోమన్నది నేనే కాబట్టి, ఇది చేతిలో ఉన్నంతకాలం గుర్తుంచుకోవాల్సింది కూడా నేనే చెప్పాలి. బేసిస్టును ఎవరూ ముందు గమనించరు. నువ్వు ఆగిపోతేనే అందరికీ తేడా తెలుస్తుంది. ఆ బాధ్యత ఇష్టంగా మోసేవాళ్లకే ఈ వాద్యం లొంగుతుంది. తీగ ఏదైనా, పాడేవాళ్లను వింటూ వాయించు.

ముందు స్పాంజి పరీక్ష చేసి ఫలితం చెప్పు. తర్వాత సెట్టు తెప్పించుకో. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గిటార్ భుజాన వేసుకుని మా ఇంటికి రా, పది నిమిషాల దారే కదా. ట్రస్ రాడ్ నీ చేత్తోనే తిప్పిస్తాను. అక్కయ్యకూ బావకూ నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య