చేయి చాపని వారిని గుర్తించడం ఎలా?

దానధర్మాలు ఎవరికి చెందాలో వివరిస్తూ దివ్య ఖుర్‌ఆన్ ఒక ప్రత్యేకమైన వర్గాన్ని మన దృష్టికి తెస్తుంది. అల్ బఖరా సూరా 273వ ఆయత్‌లో ప్రస్తావించిన ఈ పేదలు ఎవరి వెంటా పడి అడగరు. వారి ఆత్మాభిమానం చూసి, సంగతి తెలియనివారు వారిని కలిగినవారే అనుకుంటారు. అయితే వాలకాన్ని బట్టి వారిని గుర్తుపట్టవచ్చునని ఆ ఆయతే తెలుపుతోంది. అక్కడ వాడిన అరబీ మాట ‘సీమా’. ఆనవాలు, గుర్తు అని దాని అర్థం.

దీన్ని బట్టి అడిగినవారికి ఇవ్వడంతోనే దాత బాధ్యత తీరిపోదని తెలుస్తోంది. అడగలేనివారి ముఖం చూసి అవసరాన్ని గ్రహించడం కూడా అందులో భాగమే. హావభావాలను అర్థం చేసుకోవడాన్ని ఈ రోజుల్లో బాడీ లాంగ్వేజ్ పేరుతో వ్యాపారులకు, ఉద్యోగార్థులకు నేర్పుతున్నారు. నిజానికి దాతలకే దాని అవసరం ఎక్కువ.

అబూ హురైరా (రజి) ఆకలి

సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ హురైరా (రజి) స్వయంగా చెప్పిన సంఘటన ఉంది. ఆకలికి తాళలేక ఆయన కడుపుకు రాయి కట్టుకునేవారు. ఒకరోజు జనం వచ్చే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) అటు వస్తే ఖుర్‌ఆన్‌లోని ఒక ఆయత్ గురించి అడిగారు. ఆయత్ తెలుసుకోవడం ఆయన ఉద్దేశం కాదు. ఆ మాట మీద తనను ఇంటికి తీసుకెళ్ళి ఇంత తిండి పెడతారేమోనన్న ఆశ. అబూబక్ర్ (రజి) వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన హజ్రత్ ఉమర్ (రజి)ను కూడా అలాగే అడిగారు. ఆయనా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత దైవప్రవక్త (స) వచ్చారు. అబూ హురైరా (రజి) నోరు విప్పకముందే ఆయన ముఖాన్ని, మనసులోని మాటను గ్రహించి చిరునవ్వు నవ్వారు. వెంట రమ్మన్నారు. ఇంట్లో ఎవరో కానుకగా పంపిన గిన్నెడు పాలు ఉన్నాయి. ముందుగా సుఫ్ఫా వాసులైన పేదలందరినీ పిలిపించి తాగించారు. తర్వాత అబూ హురైరా (రజి) ఇక చోటు లేదనేదాకా తాగించి, మిగిలినవి చివరగా తాను తాగారు.

ఆ ఇద్దరు మహనీయ సహాబీల దాతృత్వంలో లోటు లేదు. ప్రశ్నకు వెనుక ఉన్న ఆకలి ఆ క్షణంలో వారి దృష్టికి రాలేదు, అంతే. ఇలాంటి సంఘటననే తెలిపే మరో ఉల్లేఖనంలో, సంగతి తెలిశాక హజ్రత్ ఉమర్ (రజి) ఎంతో బాధపడ్డారనీ, తనకు ఎర్ర ఒంటెలు దక్కడం కన్నా అబూ హురైరాను ఇంటికి తీసుకెళ్ళడమే ప్రియంగా ఉండేదన్నారనీ ఉంది. అంతటివారికే అలా జరిగినప్పుడు మన సంగతేమిటి?

ఆనవాళ్లు, వాటి హద్దులు

మన మధ్య కూడా వేరే ప్రశ్నతో వచ్చే అబూ హురైరాలు ఉన్నారు. స్కాలర్‌షిప్ ఫారం గురించి రెండోసారి, మూడోసారి అడగడానికి వచ్చి, పని అయిపోయినా గుమ్మం దగ్గరే నిలబడే తండ్రి. ‘పర్వాలేదండీ’ అంటూనే దుపట్టా అంచును వేలికి చుట్టుకునే తల్లి. తెగిన చెప్పులు కనబడకుండా కాళ్ళు బెంచీ కిందికి లాక్కునే పిల్లవాడు. పెదవులు నవ్వినా కళ్ళు నవ్వని ముఖం. మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా కదులుతుందని 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ గుర్తించాడు.

అయితే ఆనవాలు వేరు, రుజువు వేరు. చేతులు కట్టుకున్నవారికి చలి వేస్తుండవచ్చు. కళ్ళలోకి చూడనివారు అబద్ధమాడుతున్నారని కొందరు తేల్చేస్తారు. మన ఇళ్ళల్లో పెద్దల ముందు చూపు దించుకోవడం అదబ్, పరాయివారి ముందు దించుకోవడం హయా. దాన్ని దోషంగా చూస్తే సిగ్గరి అయిన వితంతువు దరఖాస్తు అన్యాయంగా పక్కకు పోతుంది. నిఖాబ్ వేసుకున్న సోదరి విషయంలో ముఖమే కనబడదు. గొంతులోని తడబాటు, మాటల మధ్య మౌనం గమనించాలి. అందుకే వారితో మహిళా కార్యకర్తలు మాట్లాడటం మంచిది.

మనిషి భావంలో మాటల వాటా 7 శాతమేనన్న ప్రచారం కూడా సరికాదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాల నుంచి వచ్చిన ఆ అంకె, ఇష్టాయిష్టాలు తెలిపే మాటకూ, స్వరానికీ, ముఖానికీ పొంతన లేని సందర్భాలకు సంబంధించినది. అన్ని సంభాషణలకూ అది వర్తించదని ఆయనే చెప్పారు. కాబట్టి చూసినదాన్ని బట్టి తీర్పు చెప్పవద్దు. పక్కకు పిలిచి, నలుగురూ వినకుండా, ‘ఇంట్లో అంతా బాగానే ఉందా?’ అని అడగండి. కాసేపు ఆగండి. మొహమాటం కరగడానికి సమయం పడుతుంది.

మన ముఖాన్ని వారూ చదువుతారు

మక్కాలో ఖురైషు నాయకులతో దైవప్రవక్త (స) మాట్లాడుతుండగా అంధుడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చారు. ఆ సమయంలో ప్రవక్త (స) నుదురు ముడిపడి, ముఖం పక్కకు తిరిగింది. దానిపై అబస సూరా ఆయత్‌లు అవతరించాయి. వచ్చినవారికి ఆ నుదురు కనబడే అవకాశమే లేదు. అయినా అల్లాహ్ దాన్ని గుర్తుచేశాడు. మరి కళ్ళున్న పేదవారి ముందు మన నుదురు ఎలా ఉంటోంది?

మనం కుర్చీలో కూర్చుని, వారిని నిలబెట్టి, ఫోన్ చూసుకుంటూ కవరు అందించడం ఒక మాటే. కెమెరా పైకెత్తగానే రేషన్ కిట్ పట్టుకున్న మనిషి ముఖం తిప్పుకోవడం దానికి జవాబు. దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని వృథా చేసుకోవద్దని అల్ బఖరా 264వ ఆయత్ హెచ్చరిస్తోంది. నొప్పించడానికి నోరే అక్కర్లేదు. మరోవైపు, సోదరుని ముఖం చూసి నవ్వడం కూడా సదఖాయేనని తిర్మిజీలోని హదీసు తెలుపుతోంది. ఖర్చు లేని ఈ సదఖాను ప్రతి కవరుతో పాటు ఇవ్వవచ్చు.

ఈ రమజాన్‌లో జాబితా చేతికి తీసుకునే ముందు మన వీధిలో, మన బంధువుల్లో, మన మస్జిద్ చివరి సఫ్‌లో ఒక్కసారి చూద్దాం. జాబితాలో పేరు రాయించుకోనివారు అక్కడ ఉంటారు. వారి ముఖాలను గుర్తించే చూపును, వారి పరువు కాపాడే చేతిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.